సమాధానం: కూలిన మి-17 మోడల్‌లో చిరిగిన రేకు కరిగిన ప్లాస్టిక్‌లా కనిపిస్తోంది

కూలిన మి-17 హెలికాప్టర్ మోడల్ చేస్తూ, రేకు చిరిగినట్టు కనిపించాలని కొవ్వొత్తి మంట చూపితే కరిగిన ప్లాస్టిక్‌లా కనిపిస్తోందని అనంతపురం నుంచి మీరు అడిగారు. తప్పు మీ కొవ్వొత్తిది కాదు, కిట్ (విడిభాగాలు అతికించి చేసే మోడల్ సెట్) ప్లాస్టిక్ మందానిది. మంట చూపితే అది మెత్తబడి గుండ్రంగా ముడుచుకుంటుంది. అసలు హెలికాప్టర్ పైరేకు నలుగుతుంది, చిరుగుతుంది. కిట్ గోడ సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది. 1/48 స్కేలులో, అంటే అసలుకు 48వ వంతు సైజులో, అది దాదాపు 5 సెంటీమీటర్ల దళసరి! అంత రేకుతో యుద్ధట్యాంకు చేసుకోవచ్చు.

1. చాలామంది వదిలేసే పని ఇదే: హెలికాప్టర్ బాడీ రెండు సగాలనూ అతికించక ముందే, నలగాల్సిన చోట లోపలి వైపు నుంచి గీకండి. వంపు బ్లేడుతో, కొద్దికొద్దిగా. మధ్యమధ్యలో బల్బుకు ఎదురుగా పట్టి చూడండి. వెలుగు ఇవతలికి తెలిసేదాకా ఆపవద్దు. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

2. పూర్తిగా చిరిగిన భాగాన్ని కోసేసి, బిర్యానీ పార్సిల్ అల్యూమినియం డబ్బా రేకు వేయండి. ముందుగా మొద్దు సూదితో వెనక నుంచి రివెట్ల (రేకును బిగించే మేకుల) గుర్తులు నొక్కి, ఆ వరస వెంబడే చింపండి. ప్లాస్టిక్ సిమెంటు లోహానికి పట్టదు, సూపర్ గ్లూ వాడండి.

3. చిరుగు వెనక సన్నని ప్లాస్టిక్ పట్టీలతో ఫ్రేములు (రేకును లోపలి నుంచి మోసే పక్కటెముకల్లాంటివి) పెట్టండి.

4. పైన తిరిగే ఐదు రెక్కలనూ ఒకే పొడవున విరవకండి.

5. చిరుగు అంచున తుప్పు రంగు వద్దు. అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు, సన్నని వెండి గీత చాలు.

మోడల్ కింద చూపే నేలకు రంగుపొడి కొనకండి. మీ అనంతపురం ఎర్రమట్టినే పలుచని గుడ్డలో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్ మీద చల్లండి.