చైనా వస్తువులు మానేద్దామని అంత గట్టిగా అనుకున్నాక కూడా చైనాతో మన వాణిజ్య లోటు (అమ్మేదానికన్నా ఎక్కువ కొనడం) ఎందుకు తగ్గలేదు?

మీరూ నేనూ బజార్లో కొన్న వస్తువులతో పుట్టిన లోటు కాదది. ఫ్యాక్టరీల పర్చేజ్ డిపార్ట్‌మెంట్లలో పుట్టింది. ఇది పేపర్లో చదివి చెప్తున్న మాట కాదు. చౌటుప్పల్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, అంటే గోలీలకు వాడే ముడి మందు తయారుచేసేచోట, చాలాకాలం స్టోర్స్ చూశాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. చైనా నుంచి వచ్చిన ప్రతి డ్రమ్మూ నా సంతకంతోనే లోపలికి వచ్చేది.

ప్రశ్న అడిగినవారు కింద ఒక వాక్యం కలిపారు: "జనంలో పట్టుదల లేదు, చవగ్గా దొరికితే చాలు వాళ్లకు" అని. ఆ మాట చదివితే మనసుకు కష్టమనిపించింది. 2020 జూన్‌లో మా నల్లగొండ ఎలా ఉందో చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు.

లద్దాఖ్ సరిహద్దులో, గల్వాన్ దగ్గర చైనా సైన్యంతో ఘర్షణలో ప్రాణాలిచ్చిన 20 మంది మన సైనికుల్లో కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. సూర్యాపేట ఇప్పుడు వేరే జిల్లా అయినా మా లెక్కలో అదంతా ఒక్క నల్లగొండే. జూన్ 17 రాత్రి ఆయన పార్థివదేహాన్ని హకీంపేట నుంచి రోడ్డు మార్గాన సూర్యాపేటకు తీసుకెళ్లారు. మా కంపెనీ ఉన్నది ఆ హైవే పక్కనే. కరోనా రోజులు, గుమిగూడొద్దని ఆంక్షలు. అయినా సెకండ్ షిఫ్ట్ దిగినవాళ్లు ఇళ్లకు పోలేదు. రోడ్డు పక్కన ఎడంగా నిలబడ్డారు. కాన్వాయ్ దాటేటప్పుడు నినాదాలు కూడా లేవు, అందరూ చేతులెత్తి దండం పెట్టారు. ఆ తర్వాత మావాళ్లు చాలామంది చైనా ఫోన్ కొనబోమని ఒట్టేసుకున్నారు, వాళ్లలో కొందరు ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారు. నెలాఖరుకు ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది.

అదే నెల చివర్లో రేవుల్లో చైనా నుంచి వచ్చిన కంటైనర్లను ఆపి ఒక్కొక్కటీ విప్పి చూడటం మొదలైంది. మా కంటైనర్ కూడా అందులో ఇరుక్కుంది. దాంట్లో ఉన్నది పారా అమైనో ఫినాల్, మా దగ్గర పీఏపీ అనేవాళ్లం. దాన్ని ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో రియాక్టర్లో రియాక్షన్ చేయిస్తేనే పారాసిటమాల్. దేశమంతా జ్వరం గోలీ కోసం చూస్తున్న రోజుల్లో మా స్టోర్లో పీఏపీ అడుగంటింది. ప్రొడక్షన్ వాళ్లు గంటకోసారి ఫోన్ చేసేవాళ్లు.

చివరికి ఒక పొద్దున లారీ వచ్చింది. 25 కేజీల ఫైబర్ డ్రమ్ములు, మూత చుట్టూ ఇనుప రింగు, పక్కన చైనా అక్షరాల లేబుల్. మామూలుగా అయితే దించుతారు, దుమ్ము తుడుస్తారు, కాటా మీద పెడతారు, పసుపు రంగు క్వారంటైన్ స్టిక్కర్ అంటిస్తారు, నాణ్యత పరీక్షించే క్యూసీ వాళ్లు వచ్చి శాంపిల్ తీసుకుంటారు. పాసైతే పచ్చ స్టిక్కర్ పడుతుంది. ఆ రోజు మొదటి డ్రమ్ము దగ్గరే పని ఆగిపోయింది. మా హెల్పర్లలో సూర్యాపేట పక్కన పెన్‌పహాడ్ దిక్కు పిల్లగాడు ఒకడున్నాడు, ఇరవై దాటి ఉండవు. లారీ వెనక డోర్ దగ్గర నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"మా దిక్కు మనిషిని సంపిన్రు సార్. వాళ్ల మాలు నేనెట్ల దించాలె? నాతోని కాదు."

కాంట్రాక్టర్ మనిషి అరవబోతే నేనే ఆపాను. "ఇది దించకుంటే రేపటికి రియాక్టర్ ఖాళీ బిడ్డా. గోలీలు ఆగిపోతయి. అవి మనోళ్లకే కావాలె కదా" అన్నాను. వాడు ఏమీ అనలేదు. మిగతావాళ్లు దించడం మొదలుపెట్టారు. వాడు కాటా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి క్యూసీ అమ్మాయి వచ్చి ఒక డ్రమ్ము మూత తీసింది. లోపల రెండు పొరల పాలిథిన్ సంచి, అందులో లేత గోధుమరంగు పొడి. గాలి తగిలితే రంగు మారుతుందని ఆ పిల్ల గబగబా శాంపిల్ తీసి మళ్లీ మూతి బిగించింది. వాడు లేచి తొంగిచూశాడు.

"గింతేనా సార్? ఇది మనం చేసుకోలేమా?"

ఇన్నేళ్లలో వాణిజ్య లోటు మీద నేను విన్న చర్చలన్నిట్లో ఇంతకన్నా సరైన ప్రశ్న నాకు కనబడలేదు. రాత్రి తొమ్మిదింటికి టీవీలో కూర్చుని దీపావళి లైట్ల గురించి, పతంగుల దారం గురించి అరిచేవాళ్లలో ఒక్కరూ ఈ ప్రశ్న వేయరు.

ఇక అంకెలు. ఇవి మన వాణిజ్య శాఖ లెక్కలే. గల్వాన్‌కు ముందు సంవత్సరం 2019-20లో చైనా నుంచి మన దిగుమతులు దాదాపు 6,526 కోట్ల డాలర్లు. జనం అంత గట్టిగా పట్టుబట్టిన 2020-21లో దాదాపు 6,521 కోట్ల డాలర్లు. లాక్‌డౌన్‌తో దేశంలో సగం పనులు ఆగిపోయిన ఏడాదిలో కూడా చైనా సరుకు కదల్లేదు. ఆ ఏడు లోటు సుమారు 4,860 కోట్ల నుంచి 4,400 కోట్లకు తగ్గిన మాట నిజం. అది చూసి చాలామంది బాయ్‌కాట్ గెలిచిందని రాశారు. తగ్గింది దేనివల్లో చూడండి: మన ఎగుమతులు 1,660 కోట్ల నుంచి 2,120 కోట్లకు పెరిగాయి. వాళ్లు మన ఇనుప ఖనిజం, ఉక్కు ఎక్కువగా కొన్నారు. దశాబ్దాల తర్వాత మొదటిసారి మన నూకలు కూడా కొన్నారు. అంటే లోటు తగ్గించింది మన పట్టుదల కాదు, వాళ్ల అవసరం. మరుసటి ఏడే లోటు 7,300 కోట్లు దాటింది. 2024-25లో దిగుమతులు 11,345 కోట్లు, ఎగుమతులు 1,425 కోట్లు, లోటు 9,920 కోట్ల డాలర్లు. 2003-04లో ఇదే లోటు 110 కోట్ల డాలర్లు. చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది 2001 డిసెంబర్‌లో. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మనం ఏం చేశామో ఈ రెండు అంకెలే చెప్తున్నాయి.

మనం అమ్మేది ముడిసరుకు, కొనేది పనిముట్లు, యంత్రాలు, రసాయనాలు, ఫోన్ల లోపలి భాగాలు, సోలార్ సెల్స్. ముడిసరుకు అమ్మేవాడి బతుకు కొనేవాడి దయ మీద ఉంటుంది. మా పత్తి రైతుకు ఇది అనుభవమే. 2011 తర్వాత చైనా ప్రభుత్వం గోదాములు నింపుకోవడానికి పత్తి విపరీతంగా కొన్నది. మన పత్తికి అప్పుడు పెద్ద గిరాకీ వాళ్లదే. 2014లో నిల్వలు చాలనుకుని విధానం మార్చేసింది. ఆ సీజన్లో మా వైపు పత్తి క్వింటాలుకు మద్దతు ధర 4,050 రూపాయల కోసం సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) మీద పడింది. చండూరు రైతుకు బీజింగ్‌లో ఎవరు ఏం నిర్ణయం తీసుకున్నారో తెలియదు. ధర పడిపోయిందని మాత్రం తెలిసింది. గులాబీ పురుగు మీద, వర్షం మీద, విత్తనాల మీద పేజీలు పేజీలు రాసే వ్యవసాయ నిపుణులు ఈ సంగతి రైతులకు ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు.

పెన్‌పహాడ్ పిల్లగాడి ప్రశ్నకు వద్దాం. చేసుకోగలం. ఒకప్పుడు చేసుకున్నాం కూడా. మా ప్లాంటులో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన పెద్ద కెమిస్ట్ ఒకాయన ఉండేవారు. బాలానగర్ ఐడీపీఎల్ 1960లలో వచ్చింది. హైదరాబాద్ చుట్టూ ఇన్ని మందుల కంపెనీలు పుట్టాయంటే దానికి మూలం అక్కడ పని నేర్చుకున్న మనుషులే, డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారితో సహా. మా పెద్దాయన చెప్పేవారు, అప్పట్లో మొదటి మెట్టు రసాయనం నుంచి చివరి మందు దాకా అన్నీ మనమే చేసేవాళ్లమని. తర్వాత తర్వాత మెట్లు ఒక్కొక్కటిగా చైనాకు వదిలేసి చివరి రెండు మూడు మెట్లు ఉంచుకున్నాం. అమాక్సిసిలిన్‌కు మూలం పెన్సిలిన్ జీ, అది మొన్నమొన్నటిదాకా చైనాది. అజిత్రోమైసిన్‌కు మూలం ఎరిత్రోమైసిన్ థయోసయనేట్, అదీ చైనాదే. ఇవాళ మనం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో మూడింట రెండు వంతులకు పైగా అక్కడినుంచే.

ఎందుకు వదిలేశాం అంటే, కిలోకు కొన్ని రూపాయల కోసం. నా కళ్ల ముందు జరిగింది చెప్తాను. గల్వాన్‌కు కొన్నేళ్ల ముందు ఒక దేశీ తయారీదారు మాకు ఒక ఇంటర్మీడియట్ (మందుకు ముందు మెట్టు రసాయనం) శాంపిల్ పంపాడు. క్యూసీలో పాసైంది. పచ్చ స్టిక్కర్ నేనే అంటించాను. చైనా రేటు కన్నా స్వల్పంగా ఎక్కువ పడుతుందని పర్చేజ్ వాళ్లు ఆర్డర్ ఇవ్వలేదు. 2020 ఫిబ్రవరిలో, చైనా కొత్త సంవత్సరం సెలవులు కరోనాతో పెరిగిపోయి హుబేలో ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు, మావాళ్లు ఆయనకే ఫోన్ చేశారు. ఆ లైన్ ఎప్పుడో మూసేశానని చెప్పాడాయన. ధరలు చూస్తుండగానే పైకి పోయాయి. స్టాకున్న ట్రేడర్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. మార్చి 3న ప్రభుత్వం పారాసిటమాల్‌తో కలిపి 26 రకాల ముడి మందులు, మందుల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ప్రపంచానికి మందుల దుకాణం అని చెప్పుకునే దేశానికి ఆ గతి పట్టింది. ఆ కొద్ది రూపాయలు దాచుకున్నవాళ్లను ఎవరూ బాయ్‌కాట్ చేయలేదు. ఫోన్ కొన్న కూలి మనిషినే దేశద్రోహి అన్నారు.

చైనా సరుకు ఎందుకంత చవక అని అడిగితే అందరూ సబ్సిడీ అంటారు. సబ్సిడీ ఉంది, కరెంటు చవక ఉంది, మనకన్నా ఎన్నో రెట్లు పెద్ద ప్లాంట్లు ఉన్నాయి. వీటితోపాటు, ఏళ్ల తరబడి వ్యర్థాలను శుద్ధి చేసే ఖర్చు అక్కడ సరిగా పెట్టలేదు. 2017లో వాళ్ల ప్రభుత్వం కాలుష్య తనిఖీలు బిగించగానే రసాయనాల ఫ్యాక్టరీలు ఎన్నో మూతపడి ఇక్కడ మా రేట్లు లేచి కూర్చున్నాయి. పీఏపీనే తీసుకోండి, ఇనుప పొడితో చేసే పాత పద్ధతిలో సరుకుతోపాటు గుట్టలకొద్దీ ఇనుప బురద (స్లడ్జ్), మురికినీళ్లు వస్తాయి. వాటిని ఎక్కడ పొయ్యాలన్నదే అసలు లెక్క. ఈ లెక్క చౌటుప్పల్ చుట్టుపక్కల ఊళ్లకు చెప్పక్కర్లేదు. బోరు వేస్తే రంగు నీళ్లు వచ్చిన ఊళ్లున్నాయి మాకు. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంకరపోయిన జిల్లాకు రసాయనాలు కూడా తాపారు. అందుకే "అన్నీ ఇక్కడే తయారుచేద్దాం" అని ఊరికే అనేవాళ్లతో నేను కలవను. ఇక్కడే చెయ్యాలి, శుద్ధి ఖర్చు ధరలో కలిపి చెయ్యాలి, ఆ ధరకు మన కంపెనీలు కొని తీరాలి. మూడోది లేకుండా మొదటి రెండూ నిలబడవు.

ప్రభుత్వం 2020లో బల్క్ డ్రగ్స్‌కు 6,940 కోట్ల రూపాయల పీఎల్ఐ పథకం (ఇక్కడ తయారుచేసి అమ్మినదాన్నిబట్టి ప్రోత్సాహకం) పెట్టింది, 41 ఉత్పత్తులకు. మంచి పని. కాకినాడ దగ్గర పెన్సిలిన్ జీ ప్లాంటు 2024లో నడవడం మొదలైంది. ఇక్కడ తయారీ మొదలయ్యేసరికి బయట ధర దిగింది, కొనేవాళ్లు మళ్లీ చవక వైపు చూశారు. నేను చెప్పిన మూడోది అంటే ఇదే. కనీస దిగుమతి ధర (అంతకన్నా చవగ్గా బయటి సరుకు రానివ్వని నియమం) లేకుండా ఎన్ని పథకాలు పెట్టినా ఆ ప్లాంట్లు పాత ఐడీపీఎల్ దారే పడతాయని నా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. రెండు దేశాల మధ్య లోటును ఒంటరిగా చూస్తే తప్పు లెక్క వస్తుంది. 2024-25లో అమెరికాతో మనకు మిగులు సుమారు 4,100 కోట్ల డాలర్లు. ఆ మిగులులో మందులది పెద్ద వాటా. జడ్చర్ల పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) చేసిన మాత్రలు అమెరికా మందుల షాపులకు పోతాయి. ఆ మాత్రలకు మూలమైన పొడి చాలాసార్లు చైనా డ్రమ్ములోంచి వచ్చిందే. చైనాతో లోటు పద్దులో కనబడే సరుకే కొంత రూపం మార్చుకుని అమెరికాతో మిగులు పద్దులో తేలుతుంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ఒక్కో దేశంతో ఉన్న లోటును దిగుమతులతో భాగించి సుంకాలు ప్రకటించినప్పుడు మన మీద 26 శాతం వేశారు. ఆ భాగహారంలో ఈ డ్రమ్ముల ప్రయాణానికి చోటెక్కడిది?

అందుకని ఈసారి ఎవరైనా లోటు ఇన్ని వేల కోట్లు అంటే మొత్తం అంకె వదిలేసి, అందులో ఏ సరుకు ఎంత, దానికి రెండో అమ్మేవాడు ఉన్నాడా లేడా అని అడగండి. బొమ్మలకు, లైట్లకు ఉన్నాడు, మానెయ్యండి, నాకూ సంతోషమే. పెన్సిలిన్ జీకి నిన్నటిదాకా లేడు.

చౌటుప్పల్, జడ్చర్ల, పాశమైలారం వైపు పర్చేజ్‌లోనో స్టోర్స్‌లోనో పనిచేసేవాళ్లు ఇది చదువుతుంటే కింద రాయండి: ఇప్పుడు మీ దగ్గర దిగే డ్రమ్ముల్లో దేశీ సరుకు వాటా పెరిగిందా? ఏ ఏ మందుల్లో పెరిగింది?