లియన్ రిలీజ్ మీద సంతకం పెట్టేముందు ఇది చదువు

చిట్టీ,

టెక్సాస్ ఫ్రిస్కోలో ఆ షాపింగ్ ప్లాజా మీద వేసిన లియన్ (బాకీ తీరేదాకా ఆస్తి మీద ఉండే హక్కు) వదిలేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సొంత ఆఫీసు పెట్టుకుని, ఫీజు ఎగ్గొట్టిన ఓనర్ని సెటిల్‌మెంటుకి దించావంటే మేనమామకి గర్వంగా ఉండదా! కానీ "మనవాళ్ళేనమ్మా, గుళ్ళో కనబడుతూనే ఉంటారు" అన్నావట, అదిగో అక్కడ మొదలైంది నా టెన్షన్.

రిలీజ్‌లో (లియన్ వదిలేస్తున్నానని ఇచ్చే కాగితంలో) లియన్ అఫిడవిట్ (లియన్ వేస్తూ ప్రమాణం చేసి ఇచ్చిన పత్రం) రికార్డింగ్ నంబరు, స్థలం వివరాలు సరిచూసుకో, నోటరీ చేయించు. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్‌లో ఉంటుంది కాబట్టి లియన్ రికార్డయిన కౌంటీలోనే రిలీజూ రికార్డవ్వాలి. ఇవి నీకు తెలిసినవే.

తెలియంది మా పార్ట్‌నర్ సంగతి. ఆయన మెత్తని మనిషి. బిల్డింగు అమ్మకానికి పెట్టిన ఓనరు, క్లోజింగుకి (అమ్మకం పూర్తయ్యే రోజుకి) ముందే టైటిల్ (యాజమాన్య హక్కు) శుభ్రంగా కనబడాలని చెక్కు చేతిలో పెట్టి "అన్నా, ఈ సంతకం పడితే అందరం బయటపడతాం" అన్నాడు. ఈయన చెక్కు జేబులో వేసుకుని అన్‌కండిషనల్ ఫారం (డబ్బు ముట్టింది, ఏ షరతూ లేకుండా హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చేది) మీదా, రిలీజ్ మీదా రెండిటి మీదా సంతకం చేసిచ్చాడు. రిలీజ్ రికార్డయింది, బిల్డింగు చేతులు మారింది, ఆ తర్వాత చెక్కు బౌన్సయింది. దావా వేద్దామంటే ఆ ఓనరు ఎల్ఎల్‌సీ కంపెనీకి ఉన్న ఆస్తల్లా ఆ బిల్డింగే. పాపం, ఇంటి మీద అప్పు తెచ్చి స్టాఫ్ జీతాలు కట్టాడు. 2012 నుంచి టెక్సాస్‌లో వాడుతున్న ఆ ఫారం పైనే రాసి ఉంటుంది, డబ్బు ముట్టకుండా ఇది సంతకం పెట్టమని అడగకూడదు, ముట్టకపోతే కండిషనల్ ఫారం (డబ్బు అందితేనే చెల్లేది) వాడండి అని. ఎవరు చదివారు?

నువ్వు ముందు కండిషనల్ మాత్రమే ఇవ్వు. రిలీజ్‌ని టైటిల్ కంపెనీ ఎస్క్రోలో (షరతు తీరేదాకా వాళ్ళ దగ్గరే దాచేలా) పెట్టించి, వైర్ (బ్యాంకు ట్రాన్స్‌ఫర్) నీ ఖాతాలో పడ్డాకే రికార్డు చేస్తామని రాయించుకో. చెక్కులొద్దు. ఓనరు విసుక్కుంటే విసుక్కోనీ. బాండు (లియన్ డబ్బుకి హామీ పత్రం) కట్టి లియన్ తీయించుకునే దారి వాళ్ళకీ ఉంది, కానీ 40,000 డాలర్ల లోపు లియన్‌కి రెట్టింపు మొత్తానికి బాండు కావాలి, అది లెక్కేసుకునే నీ దగ్గరికొచ్చి ఉంటారు.

డబ్బు మొత్తం ముట్టాక మాత్రం, ఇన్నాళ్ళు ఏడిపించారని రిలీజ్ పట్టుకుని కూర్చోకు. రాసి అడిగిన 10 రోజుల్లో ఇవ్వాలని చట్టం. నీ సంగతి నాకు తెలీదా, క్యారమ్స్‌లో గెలిచాక కూడా స్ట్రైకర్ ఇవ్వకుండా మంచం కింద దూరేదానివి!

వాళ్ళతో ఇంకో ప్రాజెక్టు నడుస్తోందట కదా, ఈ రిలీజ్ ఈ ప్లాజాకి మాత్రమే అని రాయించు, "ఏ బాకీలూ లేవు" లాంటి మాట ఉంటే కొట్టేయించు. సంతకానికి ముందు కాగితాలు నాకు వాట్సాప్ చెయ్యి, అర్ధరాత్రైనా పర్లేదు.

మీ పెద్ద మామయ్య