హైదర్ యుద్ధంలో మన్రో: తప్పు ఎంతవరకు?

ప్రశ్న: 1780లో పుల్లలూరు దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనాని బెయిలీ దళాన్ని హైదర్ అలీ తుడిచిపెడుతుంటే, పక్కనే కంచిలో ఉన్న మన్రో కదల్లేదంటారు. తిరుమల గంగాళం మన్రో ఈయనేనా? ఆయన పిరికివాడా? – ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: కాదండీ. గంగాళం థామస్ మన్రో పేరు మీద ఉంది. 1780లో ఆయన అప్పుడే మద్రాసులో దిగిన కుర్రవాడు. మీరడిగింది సేనాధిపతి హెక్టర్ మన్రో గురించి. 1764లో బక్సర్ యుద్ధం గెలిచింది ఈయనే. అంతకుముందు, ఎదురుతిరిగిన సిపాయిలను ఫిరంగి మూతులకు కట్టి పేల్పించిందీ ఈయనే. ఆ క్రూరత్వాన్ని ఏ గెలుపూ కడగలేదు. పిరికితనం మాత్రం ఆయన మీద నిలవదు.

ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 11 దాకా తేదీలు వరసగా రాసుకుని, ఏ రోజుకు ఎవరికి ఏం తెలుసో పక్కన వేసి చూడండి. గుంటూరు నుంచి వస్తున్న బెయిలీ 25న కొసస్థలై ఏరు చేరాడు. దాటే వీలున్నా ఇవతలి గట్టునే బస చేశాడు. రాత్రికి వరద వచ్చింది. మన నగరి ఏరు కలిసేది అందులోనే. ఎగువన వాన పడితే ఎలా పొంగుతుందో మీకు చెప్పక్కర్లేదు. వారానికి పైగా ఇరుక్కుపోయాడు. ఇది బెయిలీ పొరపాటు.

కానీ తన సైన్యం, బెయిలీ సైన్యం మద్రాసు దగ్గర కాదు, కంచిలోనే కలవాలని పట్టుబట్టింది మన్రో. అసలు బీజం అక్కడ పడింది. సెప్టెంబరు 6న పేరంబాకం దగ్గర హైదర్ కొడుకు టిప్పు తన మీద పడ్డాక, నేను కదలలేను, మీరే రండని బెయిలీ కబురంపాడు. మన్రో దగ్గర సుమారు 5,000 మంది. దూరం ఒక్కరోజు నడక. తను వెళ్లకుండా 8వ తేదీ రాత్రి ఫ్లెచర్ అనే అధికారి వెంట 1,000 మందిని పంపాడు. దాంతో తన బలం తగ్గింది, బెయిలీకి చాలినంత పెరగలేదు. 9 రాత్రి బయల్దేరిన బెయిలీ దారిలో తెల్లారేదాకా ఆగాడు. హైదర్‌కు ఆ వ్యవధి చాలింది. 10న బెయిలీ దళం మందుగుండు బండ్లు పేలాక ఇక నిలవలేకపోయారు.

కంచిలో తిండిగింజలు, పెద్ద ఫిరంగులు వదిలి ఎలా కదలను అన్నది మన్రో సంజాయిషీ. 11న ఆ పెద్ద ఫిరంగులనే కంచి కోనేట్లోకి తోయించి చెంగల్పట్టు దారి పట్టాడు. అందుకే ఆ సంజాయిషీ నాకు ఒప్పుదల కాదు. మరుసటి ఏడు ఆయన నాగపట్నం పట్టుకోవడం వేరే పద్దు, దీంట్లో కలపకూడదు.

మన్రో చెప్పుకున్నది చదివేటప్పుడు ఒకటి మరవకండి. దానికి బదులు చెప్పవలసిన బెయిలీ 1782లో శ్రీరంగపట్నం చెరలోనే పోయాడు.