బీఈడీ చదివే అమ్మాయికి ఏఐ భయం ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ తర్వాత బీఈడీ రెండో ఏడాది చదువుతోంది. యాప్‌లు, ఏఐ పాఠాలు చెప్పేస్తుంటే ఇక టీచర్లు ఎవరికి కావాలని, అసలు టీచరంటే ఇప్పుడు విలువెక్కడిదని బంధువులు అంటున్నారు. లక్షన్నర కట్టి ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ పాఠాల కంపెనీల్లో పనికి) కోర్సులో చేర్పించమంటున్నారు. తనేమో డీఎస్సీ రాస్తానంటోంది. ఇంటర్న్‌షిప్‌లో తను రాసుకున్న డైరీ పేజీ కూడా పంపుతున్నాను. ఏది మేలు? - ఒక తండ్రి, నంద్యాల

జవాబు: ఆ పేజీ మీరు చదివే పంపారా? చదివి ఉంటే ఈ ప్రశ్న అడిగేవారు కాదు.

హైస్కూల్లో స్మార్ట్ ప్యానెల్ మీద వృత్త వైశాల్యం వీడియో వేసిందట. వృత్తాన్ని ముక్కలు చేసి, ఒకటి పైకి ఒకటి కిందికి పేర్చి దీర్ఘచతురస్రంగా చూపించే వీడియో. పిల్లలు కళ్లప్పగించి చూశారు. తీరా నోటుబుక్కుల్లో సగం మంది వైశాల్యానికి చుట్టుకొలత సూత్రం రాశారు. మర్నాడు పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి 16 ముక్కలు వాళ్ల చేతే పేర్పించింది. వెనక బెంచీ కుర్రాడు లేచి, "అంచు వంకరగానే ఉంది కదా టీచర్, దీర్ఘచతురస్రం ఎలా అవుతుంది?" అన్నాడు. అప్పుడు అదే ప్యానెల్ మీద జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిచి ముక్కల్ని 32, 64 చేస్తూ పోయింది. అంచు తిన్నగా అవుతుంటే వాడే ముందుకొచ్చి నిలబడ్డాడట.

రెండు రోజులూ ప్యానెల్ ఒకటే. రెండో రోజు దాన్ని ఎప్పుడు తెరవాలో మీ అమ్మాయికి తెలిసింది. ఏఐని అడిగితే జవాబు చెబుతుంది, నిజమే. అడగడం కూడా రాని పిల్లవాడి చేత అడిగించాలంటే గదిలో ఒక మనిషి ఉండాలి. గైడు చూసి బోర్డు మీద దించే టీచరుకు మాత్రం గడ్డుకాలమే, ఆ మాట దాచను. మీ అమ్మాయి ఆ కోవలో లేదు.

టీచరు పని అయిపోయిందన్న మాట కొత్తది కాదు. 1975లో ఉపగ్రహం ద్వారా 2,400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చాయి, వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. 2020లో బడులు మూతపడితే తెలంగాణ పిల్లలు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు విన్నారు. బడులు తెరిచాక ఆ పిల్లల్ని మళ్లీ దారిలో పెట్టింది టీచర్లే.

ఇక ఎడ్‌టెక్ మోజు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చిన ట్యాబుల్లో బైజూస్ పాఠాలున్నాయి. 2024 జులైకి ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. అంతకుముందే వేలమంది ఉద్యోగాలు పోయాయి. పెట్టుబడి వచ్చినన్నాళ్లే నిలిచే ఉద్యోగాలివి. అకడమిక్ కౌన్సెలర్ అని పేరు పెట్టి, తల్లిదండ్రులకు ఫోన్లు చేసి కోర్సులు అమ్మించే చోట్లూ ఉన్నాయి. పాఠాలు తయారుచేసే మంచి ఉద్యోగాలు లేవనను. కానీ ఆ కుర్రాడి ప్రశ్న ఎక్కడ పుడుతుందో తెలిసినవాళ్లే ఆ పని బాగా చేస్తారు. నాలుగేళ్లు తరగతిలో ఉన్నాక అటు వెళ్లినా ఆలస్యమేమీ కాదు.

డీఎస్సీ ఎప్పుడు పడుతుందో చెప్పలేం, ప్రైవేటు బడుల్లో జీతాలు తక్కువ. ఈ బాధ నిజమైనదే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి. బీఈడీతో ఎస్జీటీకి (ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు) దారి లేదు కాబట్టి హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ మీదే గురి పెట్టమనండి. కోపం తెచ్చుకోకండి గానీ, బంధువుల మాట పట్టుకుని "టీచరంటే విలువెక్కడిది" అని ఆ పిల్ల ముందు మాత్రం అనకండి. మీరే అలా అంటే తను ఏ ధైర్యంతో పుస్తకం తీస్తుంది?

లక్షన్నర దాచుకోండి. జియోజీబ్రా ఉచితం, ప్రభుత్వ పాఠాల వెబ్‌సైట్ దీక్షా పోర్టల్ కూడా ఉచితం. మంచి ల్యాప్‌టాప్ ఒకటి కొనివ్వండి చాలు. అయినా ఆ కోర్సే అంటారా, కిందటి ఏడాది అక్కడ చదివినవాళ్లు ఎక్కడ ఏ పని చేస్తున్నారో కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే రూపాయి కట్టకండి.