కేబుల్‌లో చిక్కుకున్న విద్యుదావేశాన్ని చప్పుడుతో కొలవడం

ప్రశ్న: విజయనగరంలో ఎం.టెక్. చదువుతున్నాను. హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజి డీసీ) కేబుళ్ల ఇన్సులేషన్‌లో పేరుకునే స్పేస్ చార్జ్‌ను, అంటే లోపల చిక్కుకుపోయే విద్యుదావేశాన్ని, కేబుల్‌ను కోయకుండా ఎలా కొలుస్తారు? ఇన్సులేషన్ మందం వెంట ఆవేశాన్ని చూపే గ్రాఫులో రెండు చివరలా కనిపించే పెద్ద శిఖరాలే ఆ స్పేస్ చార్జా?
– ఒక విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: కొత్తగా ఈ పని మొదలుపెట్టినవారు తడబడేది మీ రెండో ప్రశ్న దగ్గరే కనుక ముందు దాని సంగతి చూద్దాం. ఆ రెండు శిఖరాలు ప్రధానంగా ఎలక్ట్రోడ్ల (లోపలి వాహకం, బయటి వాహక పొర) మీద నిలిచే ఆవేశానివి. కెపాసిటర్‌కు వోల్టేజి ఇచ్చినప్పుడు పలకల మీద చేరే ఆవేశం వంటిదే ఇదీ. ఇన్సులేషన్ లోపల ఏమీ చిక్కుకోకపోయినా ఇవి కనిపిస్తాయి. మీరు చూడవలసింది ఆ శిఖరాల మధ్య ఉన్న భాగాన్ని, గంటలు గడిచేకొద్దీ అక్కడ వచ్చే మార్పును. అందుకే మొదట తక్కువ వోల్టేజిని కొద్దిసేపే ఇచ్చి, లోపల ఆవేశం చేరకముందే తీసిన రికార్డును ప్రమాణంగా ఉంచుకుంటారు.

ఇక పద్ధతి. 1980లలో జపాన్‌లో రూపొందిన పల్స్‌డ్ ఎలక్ట్రో అకౌస్టిక్ పద్ధతిని, అంటే పీఈఏను, ఎక్కువగా వాడుతున్నారు. చీపురుపల్లి నుంచి గరివిడి వైపు రోడ్డు వెంట వరుసగా నిలబడినవారంతా ఒకే క్షణంలో టపాసులు పేల్చారనుకోండి. ఈ చివర నిలబడి వినేవారికి దగ్గరి చప్పుడు ముందు, దూరపు చప్పుడు తరువాత చేరుతుంది. ఎంత ఆలస్యంగా వినిపించిందో దాన్ని బట్టి దూరం, ఎంత గట్టిగా వినిపించిందో దాన్ని బట్టి టపాసుల సంఖ్య అంచనా వేయవచ్చు. కేబుల్‌కు ఇస్తున్న డీసీ వోల్టేజి మీద అతి స్వల్పకాలపు పల్స్ ఒకటి వేస్తే, ఇన్సులేషన్‌లోని ప్రతి ఆవేశమూ ఒక్కసారి కుదుపుకు లోనై ధ్వని తరంగాన్ని పుట్టిస్తుంది. ఆ తరంగం ఇన్సులేషన్ అయిన పాలిథిలీన్‌లో సెకనుకు సుమారు 2000 మీటర్ల వేగంతో వచ్చి, బయటి ఎలక్ట్రోడ్ వెనుక అమర్చిన పలుచని పీవీడీఎఫ్ (ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే ప్లాస్టిక్) పొరను తాకగానే విద్యుత్ సంకేతంగా మారుతుంది. 15 మిల్లీమీటర్ల మందం దాటి రావడానికి దానికి పట్టేది 7.5 మైక్రోసెకన్లు మాత్రమే.

దూరపు టపాసు చప్పుడు నీరసంగా వినిపించినంత మాత్రాన అది చిన్న టపాసు కాదు కదా! మందమైన కేబుల్‌లోనూ ఇదే చిక్కు. వాహకం పక్కన పుట్టిన తరంగం బయటికి వచ్చేసరికి బలహీనపడి, వెడల్పుగా సాగిపోతుంది. ఆ నష్టాన్ని గణితంతో సరిదిద్దకుండా గ్రాఫును నమ్మకూడదు. పలుచని ఫిల్ము మీద పది మైక్రోమీటర్ల వరకు స్పష్టత సాధ్యమే కాని, అసలు కేబుల్‌పై దాన్ని ఆశించలేం.

ఇంత శ్రమ ఎందుకంటే, ఘనమీటరుకు 1 కూలుంబు సాంద్రతతో 1 మిల్లీమీటరు మందాన ఆవేశం పేరుకుంటే, ఆ పొరకు ఇరుపక్కలా విద్యుత్ క్షేత్రంలో వచ్చే తేడా మిల్లీమీటరుకు సుమారు 49 కిలోవోల్టులు. అందులో పదోవంతు చేరినా దాదాపు 5 కిలోవోల్టులు అవుతుంది. కేబుళ్లను రూపొందించేదేమో మిల్లీమీటరుకు పది, ఇరవై కిలోవోల్టుల స్థాయిలో.

మీ ప్రాజెక్టులో ఒక్కటి మాత్రం విడిచిపెట్టవద్దు: ఉష్ణోగ్రత. లోడు మీద ఉన్న కేబుల్‌లో వాహకం పక్క వేడిగా, బయటి పక్క చల్లగా ఉంటుంది. వేడి పక్క వాహకత పెరగడం వల్ల ఎక్కువ క్షేత్రం వాహకం దగ్గర నుంచి బయటి అంచుకు తరలిపోవచ్చు. ధ్వని వేగం కూడా వేడితో తగ్గుతుంది కనుక, గది ఉష్ణోగ్రత దగ్గరి లెక్కలు వాడితే ఆవేశం ఉన్న చోటు తప్పుగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఏసీ కేబుళ్లకు మెగ్గర్ చూసి సరిపెట్టుకునేవాళ్లం. డీసీ కేబుల్‌కు అది చాలదా?
– ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి, టెక్కలి

జవాబు: చాలదండి. మెగ్గర్ మొత్తం ఇన్సులేషన్ నిరోధాన్ని చెబుతుంది కాని, ఆవేశం ఎక్కడ చిక్కుకుందో చెప్పలేదు. 50 హెర్ట్జ్ ఏసీలో ప్రతి 10 మిల్లీసెకన్లకు ధ్రువత మారుతుంది కనుక ఆవేశం కుదురుకునే వ్యవధి ఉండదు. డీసీలో రోజుల తరబడి ఉంటుంది. పైగా డీసీ పరీక్ష ముగిశాక క్షణకాలం ఎర్త్ చేసి తీసేస్తే, లోపల మిగిలిన ఆవేశం వల్ల వోల్టేజి మళ్లీ పైకి రావచ్చు. కాబట్టి పని ముగిసేదాకా ఎర్తింగ్ తీయవద్దని మీ దగ్గర నేర్చుకుంటున్న కుర్రవాళ్లకు తప్పక చెప్పండి.