పాఠకుల ప్రశ్నలు: కాలుష్యంపై ఫిర్యాదు ఎప్పుడు నిలబడుతుంది?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లాలో ఓ పారిశ్రామికవాడ పక్క ఊరు. రాత్రి పదకొండు దాటితే మందుల కంపెనీల వైపు నుంచి ఘాటైన వాసన వస్తుంది. వాన పడితే వాగులో నురగ, రంగు నీళ్లు. కాలుష్య నియంత్రణ మండలికి చాలాసార్లు చెప్పాం. అధికారులు పగలు వచ్చి, అంతా బాగానే ఉందని రాసుకుని పోతున్నారు. ఇంకేం చేయాలి?

జవాబు: ‘దుర్వాసన భరించలేకపోతున్నాం, చర్య తీసుకోగలరు’ అని రాస్తే వచ్చిన అధికారి వాసన చూసి, లేదని రాసి వెళ్తాడు. అది అబద్ధమూ కాదు, పగలు నిజంగానే ఉండకపోవచ్చు. కాబట్టి ఫిర్యాదు వాసన మీద కాకుండా అనుమతి షరతు మీద ఉండాలి. ఫ్యాక్టరీ నడవడానికి మండలి ఇచ్చే అనుమతి పత్రాన్ని సీఎఫ్‌ఓ అంటారు. ఏ ఉత్పత్తి ఎంత తయారు చేయాలి, రోజుకు ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలాలు రావచ్చు, వాటిని లోపలే ఆవిరి చేయాలా, ట్యాంకర్లలో ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపాలా, చిమ్నీ ఎంత ఎత్తుండాలి, అన్నీ అందులో ఉంటాయి. ముందు అది చేతికి రావాలి.

సీఎఫ్‌ఓలో ‘జీరో లిక్విడ్ డిశ్చార్జ్’ అని ఉంటే ఒక్క చుక్క వ్యర్థజలం కూడా ప్రహరీ దాటకూడదు. అలాంటప్పుడు వాగులోకి వ్యర్థజలం వదిలే పైపు కనిపించిందంటే ల్యాబ్ రిపోర్టు దాకా ఆగనక్కర్లేదు, ఆ పైపు ఫొటోయే ఉల్లంఘనకు ఆధారం. ఇది తెలియక చాలా ఊళ్లు పరీక్షల కోసం చందాలు వసూలు చేసుకుంటూ ఏడాది పోగొట్టుకుంటాయి.

మండలి ప్రాంతీయ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ లేదు. సీఎఫ్‌ఓ ప్రతితో పాటు గత రెండేళ్ల తనిఖీ నివేదికలు, షోకాజ్ నోటీసులు, వాటికి కంపెనీ ఇచ్చిన జవాబులు, చిమ్నీ దగ్గరి ఆన్‌లైన్ మానిటర్ల గంటల వారీ రీడింగులు అడగండి. ఎవరూ అడగనిది ఇంకోటుంది. శుద్ధి ప్లాంటుకు, స్క్రబ్బర్లకు (బయటికి పోయే వాయువులను కడిగే పరికరాలకు) విడిగా కరెంటు మీటర్లు పెట్టాలని మన రెండు రాష్ట్రాల అనుమతి పత్రాల్లో మామూలుగా షరతు ఉంటుంది. ఆ మీటర్ల లాగ్‌బుక్ నకలు అడగండి. ఉత్పత్తి తగ్గని నెలలో స్క్రబ్బర్ యూనిట్లు సగానికి పడిపోతే, కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి రాత్రిళ్లు దాన్ని ఆపేస్తున్నారేమో అని అడగడానికి మీకు గట్టి కారణం దొరికినట్టే. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఇవ్వబోమని దబాయిస్తే నీటి చట్టం 25(6) సెక్షన్ చూపించండి. అనుమతి షరతుల రిజిస్టర్‌ను ఆ కాలుష్యం తగిలే వాళ్లెవరైనా చూడవచ్చని 1974 నుంచీ అందులో ఉంది.

ఈలోపు నాలుగైదు ఇళ్ల వాళ్లు విడివిడిగా నోటు పుస్తకం పెట్టండి. తేదీ, వాసన మొదలైన గంట, ఆగిన గంట, గాలి ఎటు నుంచి ఎటు, వాసన ఎలాంటిది, ఇవే రాయాలి. కుళ్లిన గుడ్డు వాసనైతే హైడ్రోజన్ సల్ఫైడ్ కావచ్చు, గోళ్ల రంగు తుడిచే ద్రవంలా ఉంటే అసిటోన్ లాంటి ద్రావకం. గాలి దిశ రాయకపోతే పది కంపెనీలున్న చోట ప్రతి ఒక్కరూ పక్కవాడి మీదకు తోస్తారు. చలికాలం రాత్రుల్లో నేల దగ్గరి చల్లటి గాలి పైకి లేవదు, అందుకే విడుదల మారకపోయినా డిసెంబరులో వాసన ఎక్కువ తెలుస్తుంది. కంపెనీ తరఫువాళ్లు ఈ మాట తప్పకుండా అంటారు. పుస్తకంలో ఎండాకాలం రాత్రులు కూడా ఉంటే ఆ వాదన నిలబడదు.

ఫొటోలు, వీడియోలు రోడ్డు మీద నుంచో వాగు గట్టు మీద నుంచో తీయండి, ప్రహరీ లోపలికి వెళితే కేసు మీ మీదకు తిరుగుతుంది. వాట్సాప్‌లో పంపితే తీసిన సమయం, చోటు వివరాలు ఫైల్లోంచి పోతాయి కాబట్టి అసలు ఫైలు దాచి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో ప్రతి ఉంచండి. అధికారులు వచ్చినప్పుడు నీళ్ల నమూనాను నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం తీయమని రాతపూర్వకంగా కోరండి. అంటే కంపెనీకి నోటీసిచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు తీసుకోవాలి. ఊరికే సీసాలో పట్టుకుపోయిన నీళ్లు కోర్టులో సాక్ష్యంగా చెల్లవు.

ప్రశ్న: బోరు నీళ్లు పచ్చగా మారాయి. సీసాలో పట్టి ల్యాబ్‌కు ఇస్తే ‘అన్నీ పరిమితుల్లోనే’ అని రిపోర్టు వచ్చింది. నమ్మవచ్చా?

జవాబు: ల్యాబ్ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. మీరు అడిగిన పరీక్షలే తక్కువై ఉంటాయి. సాధారణ ‘తాగునీటి పరీక్ష’లో పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం, క్లోరైడ్, నైట్రేట్, ఫ్లోరైడ్ చూస్తారు. ద్రావకాలు, భార లోహాలు అందులో ఉండవు. ఆ ఫ్యాక్టరీ వాడే ముడిసరుకుల పేర్లు తెలుసుకుని, వాటినే పరీక్షించమని అడగాలి.

సీసా కూడా ముఖ్యమే. బోరును కనీసం పది నిమిషాలు పోయనిచ్చాక పట్టాలి, లేకపోతే పైపులో నిలిచిన నీళ్లే వస్తాయి. లోహాలకైతే ప్లాస్టిక్ సీసాలో పట్టి, ల్యాబ్ ఇచ్చే నైట్రిక్ ఆమ్లం చుక్కలతో పీహెచ్ 2 కంటే తగ్గించాలి. అలా చేయకపోతే లోహం సీసా గోడలకు అంటుకుని రిపోర్టులో తక్కువ కనిపిస్తుంది. ద్రావకాలకు గాజు సీసా కావాలి, మూత కింద గాలి బుడగ కూడా మిగలకుండా నింపి ఐసులో పెట్టి తీసుకెళ్లాలి. సగం నింపిన కూల్‌డ్రింక్ సీసాను ఎండలో బండి మీద పెట్టుకెళితే ద్రావకం దారిలోనే ఆవిరైపోతుంది. ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా, మీరడిగిన పరీక్షకే ఉందా అని విడిగా అడగండి.

రిపోర్టును సరైన కొలమానంతో పోల్చండి. బోరు నీళ్లకు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 వర్తిస్తుంది: టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు (వేరే నీరు దొరకని చోట 2,000 దాకా), నైట్రేట్ 45. ఫ్యాక్టరీ వాగులోకి వదిలే నీటికి ప్రమాణాలు వేరు: బీఓడీ 30, సీఓడీ 250 (నీటిలోని వ్యర్థం ఎంత ఆక్సిజన్‌ను లాగేస్తుందో చెప్పే రెండు కొలతలు). ఈ రెండు పట్టికలూ కలిపేసి పేపర్లో ప్రకటన ఇస్తే కంపెనీ లాయరు మొదట పట్టుకునే తప్పు అదే.

ప్రశ్న: మా మండలంలో ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాయి. ప్రజాభిప్రాయ సేకరణే జరగలేదు. ఇది చట్టవిరుద్ధం కాదా?

జవాబు: కాకపోవచ్చు. పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను ధాన్యంతో మాత్రమే చేస్తూ, వ్యర్థజలం బయటికి వదలమని అఫిడవిట్ ఇచ్చే ఫ్యాక్టరీలను 2021 జూన్‌లో కేంద్రం పర్యావరణ అనుమతుల్లో తక్కువ పరిశీలనతో సరిపెట్టే బీ2 వర్గంలో చేర్చింది. బీ2కి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. మా అభిప్రాయంలో అది చెడ్డ సవరణ, కానీ అమల్లోకి వచ్చిన సవరణ. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం రోడ్డెక్కాకే పనులు ఆగాయి.

కాగితాల్లో పట్టుకోవలసింది ఆ అఫిడవిట్‌నే. ‘పెట్రోలులో కలపడానికే’ అని చెప్పి, మండలి దగ్గర తీసుకున్న స్థాపన అనుమతిలో మద్యానికి పనికొచ్చే స్పిరిట్ కూడా రాయించుకుని ఉంటే మినహాయింపు కాళ్లు విరిగినట్టే. రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి చూడండి. దరఖాస్తులో భూమిని ఎలా వర్ణించారో కూడా చదవండి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి అనుమతిచ్చిన బీల భూములు చిత్తడి నేలలు. 2010 జూలై 14న ఉద్యమకారుల మీద పోలీసు కాల్పులు జరిగిన రోజే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. పర్యావరణ అనుమతి వస్తే కంపెనీ స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. ఆ కటింగ్ దాచండి, అప్పీలు గడువు లెక్కకు అది కావాలి.

మీ దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రకం ఫ్యాక్టరీ వస్తే, బహిష్కరించవద్దు. దానికి కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న నియమం లేదు. మీరు రాకపోయినా జరిగినట్టే లెక్క. నోటీసుకు కనీసం 30 రోజుల గడువుండాలి. వెళ్లి మాట్లాడండి, అదే మాట రాతలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. ముగిశాక కార్యక్రమ వివరాలను తెలుగులో చదివి వినిపించాలి, మీ అభ్యంతరం అందులో లేకపోతే అక్కడికక్కడే అడగాలి. చాలామంది భోజనాల హడావుడిలో ఈ ఘట్టానికి ముందే ఇళ్లకు వెళ్లిపోతారు.

ప్రశ్న: హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే లక్షలు కావాలంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. పరిహారం అడగని దరఖాస్తుకు రుసుము 1,000 రూపాయలు. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం, కనీసం 1,000. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచ్ చూస్తుంది.

డబ్బు కంటే గడువుతోనే ఎక్కువమంది దెబ్బతింటారు. హరిత ట్రైబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద వివాదానికి కారణం మొదటిసారి తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకైతే 30 రోజులు, మరో 60 రోజులు. పరిహారం, పునరుద్ధరణ అడిగితే 15వ సెక్షన్ కింద ఐదేళ్లు. మండలికి వినతులిస్తూ మూడేళ్లు గడిపితే ఆ వినతులు 14వ సెక్షన్ గడువును పొడిగించవు. అందుకే పాత సమస్యైతే వాగును, బోర్లను బాగు చేయించమని కూడా దరఖాస్తులో అడగాలి. ఇక కేసు ఎంతకాలం పడుతుందంటారా? పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో పడిన కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి ట్రైబ్యునల్‌కు మారి 2017లో తేలింది.

ప్రశ్న: ఊరంతా సంతకాలు పెట్టిన వినతిపత్రాన్ని ముఖ్యమంత్రి నుంచి తహసీల్దార్ దాకా అందరికీ పంపాం. ఉపయోగం ఉంటుందా?

జవాబు: అన్నీ తిరిగి తిరిగి అదే ప్రాంతీయ కార్యాలయానికి చేరతాయి, ఒకే నివేదికతో అన్నింటినీ ముగిస్తారు. దానికి బదులు గ్రామసభ తీర్మానం చేయించి, ఆ నకలుతో ఒకే ఫిర్యాదు ప్రాంతీయ కార్యాలయానికి ఇవ్వండి. మండలి మెంబర్ సెక్రటరీకి ప్రతి పంపండి. సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇస్తే రసీదు నంబరు తీసుకుని, తర్వాతి ప్రతి కాగితం మీద పాత నంబర్లన్నీ వరసగా రాయండి.