సన్‌రూఫ్ సగంలో ఆగిపోతే వెంటనే మోటారు మార్చకండి

స్విచ్చు నొక్కితే సన్‌రూఫ్, అంటే కారు పైకప్పులో జరిగే అద్దం, వేలెడంత జరిగి ఆగిపోతోందని, మోటారు మార్చాలని మెకానిక్ అంటున్నాడని రాశారు. ఇప్పుడే మార్చవద్దని నా మనవి. తాడిపత్రిలో నా కారుకూ ఇదే జరిగింది. ఒక వర్క్‌షాపులో మోటారు పోయిందని తేల్చేశారు గానీ, విప్పి చూస్తే దానిలో ఏ లోపమూ లేదు.

ముందుగా ఇంజను స్టార్టు చేసి, ఏసీ ఆపి, స్విచ్చు నొక్కి శ్రద్ధగా వినండి. శబ్దమే రాకపోతే ఫ్యూజు, స్విచ్చు, వైరింగు చూడాలి. రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర కాకుండా 12 కంటే తక్కువ చూపిస్తే ముందు దాని సంగతి తేల్చుకోవాలి. మోటారు మూలుగుతున్నా అద్దం కదలకపోతే, అద్దం జరిగే పట్టాలలో ఏదో అడ్డుపడుతోందని గానీ, అద్దాన్ని లాగే కేబులు దెబ్బతిన్నదని గానీ అర్థం.

నా కారు రోజూ బండల పాలిష్ యూనిట్ పక్కనే నిలిచేది. ఆ రాతిపొడి పట్టాలలోని పాత గ్రీజుతో కలిసి, మన ఎండలకు ఎండి, లప్పం పెట్టినట్టు గట్టిపడింది. వానలు తక్కువైన మన జిల్లాలో పైకప్పును కడగాలన్న ఆలోచనే చాలామందికి రాదు, నాకూ రాలేదు. అద్దం వెనుక అంచును పైకి లేపి, పుల్లకు చుట్టిన పొడిగుడ్డతోనూ పాత టూత్‌బ్రష్‌తోనూ రెండు రోజులు ఓపికగా గీకి తీశాను. పెట్రోలు, కిరోసిన్ వాడకండి, రబ్బరు పాడవుతుంది. కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన గ్రీజునే పలచగా పూయండి, ఎక్కువైతే అదే మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది. అద్దాన్ని చేత్తో మాత్రం నెట్టవద్దు, రెండు వైపుల కేబుళ్ల పొందిక తప్పితే అది వంకరగా ఇరుక్కుంటుంది.

ఫ్రేము మూలల్లో నీరు పోయే రంధ్రాలు కూడా పూడిపోయి ఉండవచ్చు. కాసిని నీళ్లు పోసి, కారు కిందికి కారుతున్నాయేమో చూడండి. వాటిలోకి కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే లోపలి గొట్టాలు ఊడిపోయే ప్రమాదం ఉంది.

శుభ్రం చేశాక నా కారులో ఒక్క నొక్కుతో తెరుచుకోవడం ఆగిపోయింది. చాలా కార్లలో మూసే వైపు స్విచ్చును కొన్ని క్షణాలు వదలకుండా నొక్కి ఉంచితే మోటారు తన స్థానాన్ని మళ్లీ గుర్తిస్తుంది, మీ కారు పద్ధతిని పుస్తకంలో చూసుకోండి. ఇంత చేసినా అద్దం ఒక పక్కకే వాలుతూ కదిలితే కేబులు తెగి ఉండవచ్చు. అప్పుడు లోపలి సీలింగు దింపి చూసే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లి, మోటారు కంటే ముందు కేబులునే పరీక్షించమని అడగండి.